ఇచ్ఛాపురం అవతల

రాష్ట్రం పొడుగు చెప్పవలసి వచ్చినప్పుడల్లా మన వక్తలు "ఇచ్ఛాపురం నుంచి తడ వరకు" అంటూ ఉంటారు. ఈ మాట మీరూ విని ఉంటారు. ఆ చివర తడ, ఈ చివర మా ఊరు, మధ్య సుమారు వెయ్యి కిలోమీటర్ల జాతీయ రహదారి. అయితే ఆ మాట అన్న నూరుగురిలో ఇచ్ఛాపురం స్టేషనులో రైలు దిగినవారు పదిమందైనా ఉంటారా అని నాకు అనుమానం. వారి లెక్కలో అది ఊరు కాదు, కొలబద్ద మీద ఆఖరి గీత.

ఆ గీత మీదనే నేను పుట్టి పెరిగాను. 1974లో పెళ్ళయి తెనాలి కాపురానికి వెళ్ళినప్పుడు అత్తవారింట అందరికీ నేనొక వింత. "అమ్మాయీ, మీరు ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారా?" అని మా అత్తగారి అక్కగారు నిజంగానే అడిగారు. మా వారు మరీ చమత్కారి. "మీ ఊరు దాటాక ఇంకేముందోయ్?" అనేవారు. "బరంపురం ఉంది" అనేదాన్ని. "దాని తరువాత?" "చిలక సరస్సు." "అబ్బో! అయితే భూమి అక్కడితో అయిపోలేదన్నమాట!" ఇన్నేళ్ళ కాపురంలో ఈ సంభాషణ ఎన్నిసార్లు జరిగిందో నాకే లెక్క లేదు.

నాయకులకు మాత్రం మా ఊరు బాగా పనికివచ్చింది. 2003లో రాజశేఖరరెడ్డిగారు చేవెళ్ళ నుంచి నడిచి వచ్చి మా ఊళ్ళో ఆగారు. 2013లో ఆయన కుమార్తె, 2019 జనవరిలో ఆయన కుమారుడు ఇడుపులపాయ నుంచి నడిచి వచ్చి ఇక్కడే ఆగారు. ఆ గుర్తుగా ఒక స్తూపం కూడా లేచింది. అంత దూరం నడిచిన మనిషి కాళ్ళనొప్పులు తీరేదాకా నాలుగు రోజులుండి, మా ఊరి కొబ్బరినీళ్ళు తాగి వెళ్ళవచ్చు గదా! కొలబద్ద చివర చేయి తగిలించి వెనక్కు వెళ్ళిపోవడమే.

సరే, ఊరు ఎల్లా ఉంటుందో చెబుతాను. పడమట తూర్పు కనుమలు, తూర్పున బంగాళాఖాతం. ఆ కొండలు మా వైపున సముద్రానికి బాగా దగ్గరగా జరిగి వస్తాయి. మధ్య మిగిలిన సన్నని నేల మీదుగానే కలకత్తా, మద్రాసుల మధ్య ఎవరు పోవాలన్నా పోవాలి. వెనకటి దండ్లు ఈ దారినే పోయాయి. జగన్నాథుని యాత్రికులు ఈ దారినే పోయారు. 1893, 1896 సంవత్సరాల మధ్య తూర్పుతీరం రైలుమార్గం పడిందీ ఈ దారినే. ఇప్పుడు పగలనక రాత్రనక లారీలు పోతున్నదీ ఈ దారినే. 2011 జనాభా లెక్కల్లో ఊరి జనం 36 వేల పైచిలుకు. దారిన పోయేవారిని కూడా లెక్కపెడితే పెద్ద పట్నమే అవును.

ఊరి పక్కన బాహుదా నది. అది పుట్టినది ఒడిశా కొండల్లో. అటు కొంతదూరం నడిచి, మా పొలాలు తడపడానికి ఇటు వచ్చి, సోనాపురం దగ్గర ఎల్లల మీదనే సముద్రంలో కలుస్తుంది. వేసవిలో అంతా ఇసుక, తుపాను వస్తే ఒకటే వరద. దాని మీద బ్రిటిషు వారి నాటి వంతెన ఒకటి ఉండేది. 2023 మే నెలలో బరువైన రాతి లారీ ఎక్కితే కూలిపోయింది. చిన్నప్పుడు ఆ వంతెన గోడ మీద కూర్చుని ముంజెలు తిన్నవాళ్ళం. ఫోనులో ఆ బొమ్మ పంపించి మా తమ్ముడు ఒక్క మాటా రాయలేదు. నేనూ రాయలేదు.

ఊరికి దక్షిణంగా ఉద్దానం. ఉద్యానమన్న మాటే వాడుకలో అల్లా అయిందంటారు. కవిటి, కంచిలి, సోంపేట వైపు ఎక్కడ చూసినా కొబ్బరి, జీడిమామిడి, పనస. కొత్తగా చూసినవారు కోనసీమ అనుకుంటారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి ఒక్క రాత్రిలో ఆ తోటలను నేలమట్టం చేసింది. జీడిమామిడి సంగతి అటుంచండి, కొబ్బరిచెట్టు పడితే మళ్ళీ కాపు చూడడానికి ఎన్నేళ్ళు పడుతుందో రైతు ఇంట పుట్టినవారికి చెప్పనక్కరలేదు. దీనికి తోడు ఉద్దానాన్ని పట్టిన మరో పీడ మూత్రపిండాల జబ్బు. పొలం పనులు చేసుకునే మనుషులు, తాగుడు లేనివారు కూడా, నడివయసులోనే మంచం పడుతున్నారు. ఎందుకన్నది శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తేల్చి చెప్పలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చింది, హిరమండలం జలాశయం నుంచి గొట్టాలలో నీరూ వచ్చింది. అంతకు పూర్వం జబ్బు ముదిరితే విశాఖపట్నమైనా పోవాలి, బరంపురమైనా పోవాలి. ఏది దగ్గరో మ్యాపు చూస్తే తెలుస్తుంది. శ్రీకాకుళమే మాకు నూరు కిలోమీటర్లకు పైన. విశాఖ ఇంకా అవతల. బరంపురం పాతిక కిలోమీటర్లు.

మా ఊరికి ఒకప్పుడు ఇంతకంటె పెద్ద హోదా ఉండేదంటే మా వారు ఇప్పటికీ నమ్మరు. గోలకొండ సుల్తానుల కాలంలోనూ, ఆ తరువాత నిజాముల ఏలుబడిలోనూ ఉత్తర సర్కారులలో చికాకోలు సర్కారు ఒకటి. దానిని చికాకోలు, కాశింకోట, ఇచ్ఛాపురం అని మూడు భాగాలు చేసి పాలించేవారు. అందులో ఉత్తర భాగానికి మా ఊరి పేరే. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఈ సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి ఫర్మానా రాసి ఇచ్చేశాడు. దొరల కచేరీ గంజాంలో పెట్టారు, అక్కడ అంటురోగాలు వచ్చి ఛత్రపురం మార్చారు. హోదా అటు నడిచిపోయింది. మాకు మిగిలినవి పీర్లకొండ, స్వేచ్ఛావతి అమ్మవారు. పీర్లకొండ హిందువులూ ఎక్కుతారు, ముస్లిములూ ఎక్కుతారు. అమ్మవారి పేరు మాత్రం చూడండి, ఎంత అందమైన పేరో! ఊరి పేరులో ఇచ్ఛ, తల్లి పేరులో స్వేచ్ఛ. ఎల్లలు గీసినప్పుడు మాత్రం మా ఇచ్ఛ ఎవరూ అడగలేదు.

అడగలేదంటే పూర్తిగా నిజం కాదు. ఒరియావారికి ప్రత్యేక రాష్ట్రం ఇవ్వాలన్న మాట బలపడి, 1931లో ఓడొన్నెల్ అనే దొర అధ్యక్షతన సరిహద్దుల సంఘం వేశారు. ఎవరి భాష ఏది అన్న దాని మీద ఆ రోజుల్లో పెద్ద రగడ. జనాభా లెక్కలు మాకు అనుకూలంగా రాయలేదంటే మాకు రాయలేదని రెండు పక్షాలవారూ పోట్లాడుకున్నారు. మా నాన్నమ్మ చెప్పేది: మా ఇంటికి వచ్చిన గుమాస్తా "అమ్మా, మీదే భాష?" అని అడిగాడట. "అత్తగారితో తెలుగు, పాలమనిషితో ఒడియా, దేవుడితో ఏది నోటికొస్తే అది" అన్నదట. అతను ఏం రాసుకుని వెళ్ళాడో ఆవిడకు తెలియదు.

1936 ఏప్రిల్ ఒకటిన కొత్త రాష్ట్రం వచ్చింది. గంజాం జిల్లాను రెండు ముక్కలు చేశారు. ఛత్రపురం, ఆస్కా, బరంపురం అటు వెళ్ళాయి. చికాకోలు, టెక్కలి, సోంపేట, వాటితోపాటు మా ఇచ్ఛాపురం ఇటు మిగిలి, విశాఖపట్నం జిల్లాకు అతుక్కున్నాయి. 1950 ఆగస్టులో శ్రీకాకుళం జిల్లా అయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. మా నాన్నమ్మ గంజాం జిల్లాలో పుట్టింది, విశాఖపట్నం జిల్లాలో పిల్లల పెళ్ళిళ్ళు చేసింది, శ్రీకాకుళం జిల్లాలో మమ్మల్ని ఎత్తుకుని తిప్పింది. ఇంతలోనూ ఆవిడ ఇల్లు మారలేదు, వీధి మారలేదు, నూతిలో చేద మాత్రం రెండుసార్లు మారింది.

ఆ పంపకంలో తెలుగువారిని ఎక్కువ నొప్పించినది పర్లాకిమిడి. జమీందారీలో చాలా భాగం ఇటే ఉండిపోయినా పట్టణం అటు పోయింది. మన వాడుక భాష కోసం అంత పోరాటం చేసిన గిడుగు రామమూర్తి పంతులుగారిది ఆ ఊరే. ఆయన ఆ చేరికను గట్టిగా ఎదిరించి, చివరకు ఊరే విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. 1940లో కాలం చేసేదాకా ఊరు విడిచిన మనిషిగానే ఉన్నారు. నేను ఈ ముక్కలు ఇల్లా మాట్లాడుకునే తెలుగులో రాసుకుంటున్నానంటే అది ఆయన చలవే గనుక, ఆయన పేరు చెప్పకుండా ముందుకు పోలేను. అటువారి బాధ అటువారికీ ఉంది. ఇచ్ఛాపురం తమకు రావలసినదని చెప్పే ఒడియా పెద్దలను నేను చిన్నప్పుడు చూశాను. వాళ్ళు మా ఇంటికి వచ్చి, మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూనే ఆ మాట అనేవారు.

గీత గీశారే గాని, మా బతుకు దాని మీద నుంచి దాటుకుంటూ జరిగిపోయింది. పెళ్ళి బట్టలంటే బరంపురం పట్టు. పెద్ద జబ్బంటే 1962లో పెట్టిన బరంపురం మెడికల్ కాలేజీ. మంచి సినిమా అంటే బరంపురం. అక్కడ పట్టు నేసే దేరా కులంవారిది తెలుగే. రెండేళ్ళకోసారి ఊరంతా చేసుకునే ఠాకురాణి జాతరలో అమ్మవారు పుట్టింటికి వస్తే, దిగేది ఆ నేతవారి పెద్ద ఇంటనే. రాష్ట్రపతి అయిన వి. వి. గిరిగారు 1894లో పుట్టినదీ బరంపురంలోనే. మా వైపు చద్దన్నం, అటు పొఖాళొ. పేరు వేరు గాని కుండ ఒకటే. ఈ మధ్య కొన్నేళ్ళుగా పెట్రోలు అటు కొన్ని రూపాయలు తక్కువ. అంచేత మా తమ్ముడి స్కూటరుకు దేశభక్తి ఒకవైపు, రాష్ట్రభక్తి ఇంకోవైపు.

మా అప్పను ఇచ్చింది బరంపురమే. మా వైపు అక్కను అప్ప అంటాము. 1966లో పెళ్ళి. బావగారు పట్టుచీరల కొట్లో లెక్కలు రాసేవారు, తెలుగువారే. పొద్దున్న బండెక్కితే వంట వేళకు పుట్టింట్లో ఉండేది. ఊరగాయ జాడీ అక్కడ మరిచిపోతే మరునాడు వచ్చి పట్టుకెళ్ళేది. తెనాలిలో ఉన్న నేను ఏడాదికోసారి వస్తే "దూరదేశపు చుట్టం వచ్చిందర్రా" అని నన్ను ఆటపట్టించేది. నిజమే. నాది స్వరాష్ట్రం, తనది పరరాష్ట్రం. అయినా పుట్టింటికి దగ్గర తనే.

2020 ఉగాది మార్చి 25న వచ్చింది. పండుగకు నేనూ మా వారూ నాలుగు రోజుల ముందుగా తమ్ముడింటికి వెళ్ళాము. అప్ప పండుగ నాటికి వస్తానంది. ఆ రోజునుంచే దేశమంతా తలుపులు మూసుకున్నాయి. రైళ్ళు లేవు, బస్సులు లేవు. ఊరి శివార్లలో పురుషోత్తపురం దగ్గర రోడ్డుకు అడ్డంగా ఇటు మన పోలీసులు, కొంచెం అవతల ఒడిశా పోలీసులు. రోజూ లారీలు రొద చేసే దారిలో పిట్టల కూతలు వినిపించేవి. ఎక్కడెక్కడి పనులనుంచో నడిచి వచ్చిన కూలివాళ్ళు, అటు గంజాం వెళ్ళవలసినవాళ్ళు, అక్కడ చెట్లకింద కూర్చుని ఉన్నారని తమ్ముడు చెప్పేవాడు. ఎనభై నాలుగేళ్ళుగా కాగితం మీద ఉన్న గీత నేలమీద కర్రల రూపంలో కనిపించడం మేము అప్పుడే చూశాము.

ఏప్రిల్ రెండో వారంలో ఒక తెల్లవారుజామున మేనల్లుడు ఫోను చేశాడు. అప్పకు గుండెపోటు. ఆసుపత్రికి తీసుకువెళ్ళేలోగానే అయిపోయింది. డెబ్బయి నాలుగేళ్ళు. బావగారు ఉండగా పోయింది, పుణ్యాత్మురాలని అందరూ అన్నారు. అటువంటి మాటలు వినడానికి ఉంటాయి.

మీకు తెలియనిది కాదు, ముత్తయిదువ పోతే పుట్టింటి చీర కప్పాలి. అది లేకుండా ఆడపడుచును సాగనంపడం మా ఇళ్ళల్లో ఎన్నడూ లేదు. బీరువాలో మా మరదలు తనకోసం దాచుకున్న పసుపు రంగు పట్టుచీర ఉంది. అదీ బరంపురం చీరే. పసుపు, కుంకుమ, పూలు అందులో పెట్టి మూటకట్టింది. దానిని పట్టుకుని తమ్ముడు స్కూటరు మీద పురుషోత్తపురం వెళ్ళాడు.

ఇటువైపు పోలీసు కుర్రవాడు తెలిసినవాళ్ళ పిల్లవాడే. "పెద్దాయనా, నేను వదిలినా అటువాళ్ళు వదలరు. వదిలినా తిరిగి రానివ్వరు, పద్నాలుగు రోజులు ఎక్కడో పెడతారు" అన్నాడు. తమ్ముడు అడ్డకర్ర దాకా వెళ్ళి, అవతలి పోలీసుకు ఒడియాలో చెప్పుకున్నాడట. అతను టోపీ తీసి తల గోక్కుని, పై అధికారికి ఫోను చేసి, కాదన్నారని చెప్పాడట. వారిని నిష్ఠూరమాడడానికి లేదు. ఆ నెలలో చట్టం అది. తమ్ముడికి అరవై ఎనిమిదేళ్ళు. ఎండలో ఆ మూట ఒళ్ళో పెట్టుకుని, కల్వర్టు గట్టున కూర్చుండిపోయాడు.

మనుషులకు అడ్డుగాని సరుకుకు అడ్డు లేదు. పదిన్నర వేళకు ఉద్దానం నుంచి కొబ్బరికాయల లారీ వచ్చింది, బరంపురం మండీకి. డ్రైవరు కంచిలివాడు. తమ్ముడు రెండు చేతులూ జోడించి సంగతి చెబితే, అతను మాట్లాడకుండా మూట తీసుకుని, సీటు వెనక దేవుడి పటం కింద పెట్టాడట. అయితే లారీని అవతల కాగితాల పరీక్షకు నిలిపేశారు. మధ్యాహ్నం రెండు దాటింది, మూడు దాటింది. అక్కడ ఎక్కువసేపు ఉంచడానికి వీల్లేదన్నారు.

ఆ చిన్న ఫోను తెరలో మేము అందరం చూస్తూనే ఉన్నాము. ఇంటి ముందు అయిదారుగురికంటె లేరు. బావగారు కుర్చీలో అటు తిరిగి కూర్చున్నారు. మేనల్లుడు "పుట్టింటి చీర రాలేదు" అని ఎవరితోనో అంటున్నాడు. అప్పుడు పక్కింటి ఒడియా ఆవిడ లోపలికి వెళ్ళి ఒక కొత్తచీర తెచ్చింది. ఆవిడతో అప్పకు నలభై ఏళ్ళ గోడ మీది స్నేహం. చీర మీద పసుపు చల్లి, తనే కప్పింది. ఏదో అన్నది. మాకు సరిగా వినిపించలేదు. తరువాత మేనల్లుడు చెప్పాడు: "నేనే దానికి బాపొఘొరొ" అన్నదట. బాపొఘొరొ అంటే పుట్టిల్లు.

మా చీర మరునాటి సాయంకాలం చేరింది. లారీ డ్రైవరు మండీలో సరుకు దింపి, ఇల్లు వాకబు చేసుకుంటూ నడిచి వచ్చి ఇచ్చాడట. భోజనం చేసి వెళ్ళమంటే మైల ఇల్లు గదా అని మొహమాటపడి మంచినీళ్ళు మాత్రం తాగాడట. అతని పేరు అడగాలని ఎవరికీ తోచలేదు. పదోరోజు వెళ్ళాక మేనల్లుడు ఆ చీర పట్టుకెళ్ళి పక్కింటి ఆవిడకు పెట్టాడు. పుట్టింటి వాయినం గనుక కాదనకూడదన్నాడు. ఆవిడ కాదనలేదు.

దారులు తెరిచాక మొదట మేము వెళ్ళినది ఆ ఇంటికే. పురుషోత్తపురం దగ్గర కారు ఆగనైనా ఆగలేదు. అడ్డకర్రలు తీసి పక్కన పడేసి ఉన్నాయి. మా వారు అటూ ఇటూ చూసి, "ఇదేనా?" అన్నారు. "ఇదే" అన్నాను. ఆ దారిలో ఆయన ఎప్పటి చమత్కారమూ ఆడలేదు.

ఇప్పుడు నన్ను వేధిస్తున్నది ఇంకొకటి. పోలీసులు పెట్టిన అడ్డం రెండు నెలల్లో పోయింది. బడిలో పడుతున్న అడ్డం పోవడం లేదు. మా చిన్నప్పుడు ఇచ్ఛాపురంలో ఒడియా చదువుకున్న తెలుగు పిల్లలుండేవారు, బరంపురంలో తెలుగు చదువుకున్న ఇళ్ళు ఎన్నో. ఇప్పుడు ఇటు పిల్లలూ ఇంగ్లీషే, అటు పిల్లలూ ఇంగ్లీషే. రెండు భాషలూ నోట్లో ఉన్నాయి గాని చేతిలో లేవు. అప్ప మనుమరాలికి పదమూడేళ్ళు. చక్కటి తెలుగు మాట్లాడుతుంది, మధ్య మధ్య ఒడియా పోపు పడుతుంది. కాని అక్షరం రాదు. అప్ప రాసిన వంటల పుస్తకం ఒకటి ఆ ఇంట్లో ఉంది. ఇంట్లో అది చదవగలిగినవారు బావగారొక్కరే, ఆయనకు చూపు తగ్గింది.

కిందటి వేసవిలో ఆ పిల్లను నెల్లాళ్ళు ఇచ్ఛాపురం రప్పించాను. నేనూ తెనాలి నుంచి వెళ్ళాను. పలక మీద మొదలుపెట్టాము. ఒడియా అక్షరాల్లాగే ఇవీ గుండ్రంగానే ఉన్నాయే అని సంతోషించింది. ఒత్తుల దగ్గర ఏడుపు మొహం పెట్టింది. నెల తిరిగేసరికి పుస్తకంలో మొదటి పేజీ కూడబలుక్కుని చదివింది. పనసపొట్టు కూర. ఆవ ఎంత పెట్టాలో అప్ప రాయలేదు, "తగినంత" అని రాసి ఊరుకుంది. తగినంత అంటే ఎంత అని ఆ పిల్ల నన్ను అడిగింది. పనసకాయ తెప్పించి, ఇద్దరం వంటింట్లోకి వెళ్ళాము.